తలుపుకి ఒక అడుగు ఇవతల

బిష్కెక్
5 సెప్టెంబరు 2007

మరదలా సాల్కినాయ్,

నువ్వు కులాసాగానే ఉన్నావని అనుకుంటున్నాను. అనుకోక చేసేదేముంది? మీ చోన్-బులాక్‌లో ఫోను పలకాలంటే గుట్టెక్కాలి. గుట్టెక్కితే నీకు మోకాళ్ళ నొప్పి, ఎక్కకపోతే నాకు మనశ్శాంతి. అందుకే ఒస్మోన్ మినీబస్సులో ఈ మూట పంపుతున్నాను. విప్పి చూడు. అవి నేను రాసి, బొమ్మలేసిన పుస్తకాలు. పొయ్యి రాజెయ్యడానికి కాదు.

కథ చిన్నదే. నల్ల గొర్రె ఒకటి కడుపుతో ఉంటుంది. ఇంట్లో పిల్లలంతా ఏ రంగు పిల్ల పుడుతుందా అని ఆలోచిస్తుంటారు. పేజీకో సంగతి బయటపడుతుంది. పోయినేడు దానికి నల్లదే పుట్టింది. పొట్టేలు మాత్రం పక్కింటివాళ్ళది, ఒంటినిండా మచ్చలు. సంగతి తెలిసినప్పుడల్లా పిల్లలు మనసు మార్చుకుంటారు. ఆఖరి పేజీలో ఏది పుట్టిందో నేను గీయలేదు. సగం తెరిచిన కొట్టం తలుపు గీసి వదిలేశాను. నువ్వు దీన్ని కథ అనుకుంటావు. ఇది లెక్క. సంభావ్యత అంటారు. కాలేజీలో చదివే ఉంటావులే, పరీక్ష రాసిన మధ్యాహ్నమే మర్చిపోయి ఉంటావు.

చదివి వినిపించేటప్పుడు పేజీ తిప్పే ముందు ఆగాలి. "ఇప్పుడేమవుతుంది?" అని అడగాలి. తప్పకుండా అవుతుందా, కావచ్చా, కావడం కష్టమా, అసలు కాదా? చెప్పాక, "ఎందుకలా అనుకుంటున్నావు?" అని అడగాలి. అంతే. అరవకూడదు. ఈ చివరిది నీకు కష్టమని తెలుసు, అయినా ప్రయత్నించు.

అచ్చుకి డబ్బిచ్చిన సంస్థవాళ్ళు టీచర్ల అభిప్రాయం కావాలంటున్నారు. నాలుగు మంచి మాటలు రాసి పంపు. నాలుగు నీ దగ్గర లేకపోతే రెండు.

మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. సోఫాలో ఉన్నాడు.

నీ వదిన,
జుమాగుల్


చోన్-బులాక్
19 సెప్టెంబరు

పరమ పూజ్యురాలైన వదినకి,

మూట అందింది. తరగతి నిండా పిల్లలుంటే పన్నెండు పుస్తకాలు పంపి, భాగహారం కూడా నేర్పిస్తున్నందుకు ధన్యవాదాలు.

గొర్రెకి ఆవు పొదుగు పెట్టగల చిత్రకారిణి మా ఇంటి కోడలు కావడం మా పూర్వజన్మ సుకృతం. చెట్లకి పండుటాకులుండగా గొర్రె ఈనడం కూడా ఈ కొండల్లో ఎవరూ ఎరగని వింత. మా గొర్రెలకి చదువు లేక ఇంకా వసంతంలోనే ఈనుతున్నాయి.

హెడ్మాస్టరు షార్షెన్‌బెక్ గారికైతే నీ పుస్తకం ఎంత నచ్చిందంటే, పిల్లల చేతుల్లో మాసిపోతుందని పన్నెండింటినీ గ్లోబు పక్కన అద్దాల బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకున్నారు. లెక్కల పిరియడులో గొర్రెల గురించి ఇంత లోతుగా ఆలోచించిన టీచరు తన సర్వీసులో ఎదురవలేదని అందరి ముందూ అన్నారు. మా పిల్లలూ సంభావ్యతలో ఎక్కడికో వెళ్ళిపోయారు. ఇక వాళ్ళకి నేర్పేది ఏమీ మిగల్లేదు.

నీ సంస్థవాళ్ళకి ఈ మాటలు చాలనుకుంటాను.

అన్నయ్యని సోఫా క్షేమం అడిగానని చెప్పు.

నీ మరదలు,
సాల్కినాయ్


బిష్కెక్
4 అక్టోబరు

బంగారు మరదలా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. పొదుగు సంగతి అసూయతో రాశావని అర్థం చేసుకుని వదిలేశాను. మిగతాదంతా సంస్థలో దిల్బారా గారికి గొంతెత్తి చదివి వినిపించాను. "హెడ్మాస్టరు తాళంచెవి మెడలో వేసుకున్నారు" అనే చోట ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పల్లెటూరి బడిలో పుస్తకానికి ఇంత గౌరవమా!" అన్నారు. మీదాన్ని ఆదర్శ తరగతి అని రిపోర్టులో రాసేశారు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను, కూచుని చదువు. నవంబరు మొదట్లో ఆవిడా, జర్మనీ నుంచి వచ్చిన ఒకాయనా మీ తరగతి చూడ్డానికి వస్తున్నారు. జిల్లా కార్యాలయానికి కబురు వెళ్ళింది. ఈపాటికి మీ హెడ్మాస్టరు సంతోషంతో గంతులేస్తుంటారు.

ఇన్నేళ్ళకి నువ్వు నన్ను మెచ్చుకున్నావు. మీ అన్నయ్య నమ్మలేదు. ఉత్తరం రెండుసార్లు చదివి, "నీకు అర్థం కాలేదేమో" అని మళ్ళీ పడుకున్నాడు.

నీ,
జుమాగుల్


చోన్-బులాక్
13 అక్టోబరు

వదినా!

పెళ్ళై మా ఇంట్లో అడుగుపెట్టి ఇన్నేళ్ళయింది. మా ఇంటి భాష నీకింకా రాలేదా? మా అమ్మ, "అబ్బ, ఎంత బాగా వండావమ్మా, ఇక మేం ఎవరమూ వండక్కర్లేదు" అన్నప్పుడు కూడా నువ్వు నమ్మే ఉంటావు. ఇకమీద వెటకారం ఉన్నచోట కింద గీత గీస్తాను. గీత లేకపోతే నిజమని చదువుకో.

హెడ్మాస్టరు అసలన్న మాట ఇదీ: "లెక్కల పిరియడులో గొర్రెలేమిటమ్మా, రేపు పాటల పిరియడుకి మేకల్ని తోలుకొస్తావా? ఏది పుడుతుందో ఊహించడం లెక్క కాదు, జూదం." ఆ తాళం అందుకు వేశాడు.

మొన్న జిల్లా నుంచి కబురు రాగానే ఆయన్ని చూసి తీరాల్సింది. మెడ తడుముకుంటే తాళంచెవి ఇంట్లో ఉండిపోయింది. బీరువా అద్దం పగలగొట్టబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. సాయంత్రానికల్లా, "ఈ పద్ధతి గురించి నేను ఎప్పట్నుంచో చెప్తూనే ఉన్నాను కదా సాల్కినాయ్" అన్నాడు. "అవునండీ, మీరు చెప్పేది అర్థం చేసుకోవడానికే నాకింత ఆలస్యమైంది" అన్నాను. పొంగిపోయాడు. మీ ఇద్దరికీ ఏదో చుట్టరికం ఉండాలి.

సరే, పడ్డాక తప్పుతుందా? నీ పుస్తకం మొదలుపెట్టాను. గదికి ఈ చివర నుంచి ఆ చివరికి ఒక తాడు కట్టాను. పొయ్యి దగ్గర కొస "తప్పకుండా". తలుపు దగ్గర కొస "అసలు కాదు". నేనొక మాట చెప్తే, ఎవరికి ఎక్కడ తోస్తే అక్కడ తాడు పట్టుకుని నిలబడాలి. మొదటి రోజు పిల్లలంతా అన్నిటికీ "తప్పకుండా" అన్నారు. పొయ్యి అక్కడుంది మరి. కారణం చెప్పలేనివాళ్ళు తలుపు దగ్గరికి పోవాలని రూలు పెట్టాక దారికొచ్చారు. "రేపు హెడ్మాస్టరు గారు నవ్వుతారు" అన్నాను. అందరూ ఒక్కసారి తలుపు మీద పడేసరికి గడియ ఊడింది.

బెగాయిం అని ఒక పిల్ల ఉంది. ఎనిమిదేళ్ళు. కూడికలిస్తే కిటికీలోంచి బయటికి చూస్తుంది, పిలిస్తే పలకదు. తండ్రి రిస్‌బెక్ రష్యాలో, యెకాతెరిన్‌బర్గ్‌లో, ఇళ్ళు కడుతుంటాడు. తల్లి అనారా, నానమ్మ కులీపా గారు ఇక్కడ పెంచుతున్నారు. "గొర్రెకి గుర్రప్పిల్ల పుడుతుంది" అన్నప్పుడు ఆ పిల్ల తిన్నగా వెళ్ళి తలుపుకి వీపు ఆనించింది. "రేపు మంచు పడుతుంది" అన్నప్పుడు మధ్యలో నిలబడి, కిటికీలోంచి కొండ వైపు చూసి, పొయ్యి వైపు కొంచెం జరిగింది. "ఎందుకే?" అన్నాను. "మబ్బు కొండ మీదనుంచి దిగుతోంది టీచర్. కానీ నిన్న కూడా దిగి, ఉత్తినే పోయింది" అంది. ఆ పిల్ల నోట ఇంత పెద్ద మాట నేనెప్పుడూ వినలేదు.

నీ పుస్తకం బాగుందని అనడం లేదు. పిల్ల బాగుంది. ఇక్కడ గీత లేదు, చూసుకో.

సాల్కినాయ్


బిష్కెక్
22 అక్టోబరు

మరదలా,

అంటే వెటకారంలో పడి అయినా నా పుస్తకం బీరువాలోంచి బయటికొచ్చింది. నువ్వు గీతలు గీసుకో, గడులు గీసుకో, గెలిచింది నేను.

తాడు బాగుంది. నేను కూడా అలాంటిదే ఆలోచించాను, రాయడం మర్చిపోయానంతే. (దీని కింద నేను గీత గీయను. నువ్వే కనుక్కో.)

ఒక్క సలహా. వచ్చినవాళ్ళ ముందు గొర్రెలతోనే ఆపకు. పిల్లల చేత సొంత ఇంటి సంగతి ఒకటి చెప్పించు. మా ఆవు ఈనుతుందనో, మా అక్క పెళ్ళి ఈ ఏడు అవుతుందనో. దిల్బారా గారికి అలాంటివి మహా ఇష్టం. పుస్తకంలోంచి బతుకులోకి అంటారావిడ. ఆ బెగాయింని మర్చిపోకుండా ముందుకి తీసుకురా. మాట్లాడని పిల్ల మాట్లాడితే ఎవరైనా కరిగిపోతారు.

నేను రాలేను, జలుబు. మీ అన్నయ్య వస్తానన్నాడు కానీ లేవలేదు.

నీ,
జుమాగుల్


చోన్-బులాక్
7 నవంబరు

వదినా,

నీ సలహా అక్షరాలా పాటించాను. దాని ఫలితం విను.

దిల్బారా గారు, ఎర్ర మఫ్లరు చుట్టుకున్న ఆ జర్మనీ ఆయన, జిల్లా అధికారి ముందు వరసలో కూచున్నారు. ఊళ్ళో పెద్దవాళ్ళని కూడా పిలవమన్నాడు హెడ్మాస్టరు. కులీపా గారు తెల్ల తలగుడ్డ ఉతికి చుట్టుకుని, తననే ముఖ్య అతిథిగా పిలిచారన్నట్టు జిల్లా అధికారి పక్క కుర్చీలో కూచున్నారు. కోడలు అనారా వెనక గోడకి ఆనుకుని నిలబడింది.

గొర్రె కథ బాగానే నడిచింది. అప్పుడు సొంత సంగతులు చెప్పమన్నాను. ఒకడు వాళ్ళ ఆవు ఈనుతుందన్నాడు. ఒకడు వాళ్ళ మావయ్య తాగుడు మానేస్తాడని చెప్పి, నవ్వుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఆ మావయ్య అక్కడే ఉన్నాడు, అతనూ నవ్వాడు. నేను, మూర్ఖురాలిని, బెగాయింని పిలిచాను.

"మా నాన్న వసంతంలో నౌరూజ్ పండక్కి ఇంటికొస్తాడు" అంది.

కులీపా గారు అధికారి వైపు తిరిగి గర్వంగా తలూపారు. పిల్ల తాడు పట్టుకుని నడిచింది. పొయ్యి దాటింది, మధ్య దాటింది, నవ్వుకుంటున్న పిల్లల్ని దాటింది. తలుపుకి ఒక్క అడుగు ఇవతల ఆగింది. 

"ఎందుకమ్మా అక్కడ నిలబడ్డావు?" అని దిల్బారా గారు అడిగారు, నీలాగే ముద్దుగా.

"పోయిన నౌరూజ్‌కీ వస్తానన్నాడు. అంతకుముందూ అన్నాడు. అప్పుడు మేం గుట్టెక్కితే రోజూ ఫోన్ చేసేవాడు, ఇప్పుడు ఆదివారం కూడా చెయ్యడం లేదు. మా నానమ్మ వస్తాడు వస్తాడంటుంది. కానీ నాన్న కోసం కుడుతున్న బొంత సగంలో ఆపేసింది. ఆ గుడ్డతో నాకు కోటు లోపల అతుకు వేసింది."

జర్మనీ ఆయనకి ఎవరో ఆయన భాషలో చెప్పారు. ఆయన లేచి చప్పట్లు కొట్టాడు. ఎంత చక్కగా ఆలోచించింది అన్నాడట. ఆయన కొట్టాడని జిల్లా అధికారి కొట్టాడు, అధికారి కొట్టాడని హెడ్మాస్టరు కొట్టాడు.

కులీపా గారు లేచారు. "తండ్రి రాడని పిల్ల చెప్తుంటే చప్పట్లా? మీ చేతులు పడిపోను!" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "సాల్కినాయ్, పిల్లని ఎక్కాలు నేర్పమని పంపాను. తండ్రిని తీసివెయ్యమని కాదు."

అనారా పిల్లకి కోటు తొడిగి, తల దించుకుని తీసుకెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ పిల్ల బడికి రావడం లేదు.

పుస్తకాలు మళ్ళీ బీరువాలోకి వెళ్ళాయి. కొత్త సంవత్సరం తర్వాత నా తరగతి వేరేవాళ్ళకి ఇస్తానన్నాడు హెడ్మాస్టరు. "ఈ గొర్రెల వ్యవహారం మొదట్నుంచీ నాకు ఇష్టం లేదని నీకు తెలుసు కదా" అన్నాడు. పాపం, ఈసారి నిజమే చెప్పాడు.

ఆ పిల్ల సరిగ్గా చెప్పింది వదినా. నన్ను తినేస్తున్నది అదే. తప్పు చెప్పుంటే దిద్దేదాన్ని.

సాల్కినాయ్


బిష్కెక్
16 నవంబరు

సాల్కినాయ్,

ఈసారి నిజంగా ఏడ్చాను. మీ అన్నయ్య సోఫా దిగి నాకు టీ పెట్టాడు. దాన్నిబట్టి ఎంత ఏడ్చానో తెలుసుకో.

ఎనిమిదేళ్ళ పిల్ల, కన్నతండ్రి అసలు రాడని తేల్చేసి తలుపు దగ్గర నిలబడడం ఏమిటే? తప్పు నాదే, ఆ ఆఖరి పేజీ అలా వదిలేసి ఉండకూడదు. పిల్లలకి ఆశ ఉండాలి. అందుకే కొత్త పేజీ గీశాను. కొట్టం తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది, లోపల మంచులాంటి తెల్లపిల్ల. అదే సమయానికి గుర్రం మీద నాన్న దిగుతాడు, చేతిలో మిఠాయి పొట్లం. పన్నెండు పేజీలూ రంగులేసి ఈ కవరులో పెట్టాను. ముందున్న పేజీ మీద అతికించు. మొదటిది బెగాయింకి ఇవ్వు, వాళ్ళ నానమ్మకి చూపించు. శాంతిస్తుంది.

రాత్రుళ్ళు మేలుకుని వేశాను. పొదుగు కూడా సరిచేశాను.

నీ,
జుమాగుల్


చోన్-బులాక్
1 డిసెంబరు

వదినా,

నీ పేజీలు అతికించలేదు, అతికించను. బొమ్మలు బాగున్నాయి. రిస్‌బెక్‌కి గుర్రమంటే భయమన్న సంగతి మాత్రం నీకు తెలీదు.

అసలు రాడు అని ఆ పిల్ల అనలేదు. తలుపుకి ఒక అడుగు ఇవతల నిలబడింది అని రాశాను, మళ్ళీ తీసి చదువు. గొర్రెకి గుర్రప్పిల్ల పుట్టదని చెప్పడానికి తలుపుకి వీపు ఆనించిన పిల్ల, తండ్రి దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క అడుగూ వదిలింది. గదినిండా పెద్దవాళ్ళం ఉన్నాం, ఒక్కరం చూడలేదు. నువ్వు ఉత్తరంలో కూడా చూడలేదు. ఇప్పుడు నేను నీ తెల్లపిల్లని అతికిస్తే ఆ పిల్ల చూసి, టీచరు కూడా నానమ్మలాగే మాట్లాడుతోంది అనుకుంటుంది.

అందుకే చేతులూపుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను.

అనారా తలుపు తీసింది. కులీపా గారు ఉన్ని వడుకుతూ, చూసీ చూడనట్టు చూశారు. "టీచరు గారొచ్చారు. ఇంకా ఎవరెవరు రారో చెప్పడానికి కాబోలు" అన్నారు.

"పిల్ల బడికి రావాలి పెద్దమ్మా" అన్నాను.

"వస్తుంది. వాళ్ళ నాన్న వచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు."

మూల కూచున్న బెగాయిం వాళ్ళమ్మ వైపు చూసింది. అనారా పిల్లని పాలకి పక్కింటికి పంపింది. తలుపు మూసుకున్నాక, నాకు టీ పోస్తూ, తల ఎత్తకుండానే అంది:

"పిల్ల తప్పేం చెప్పలేదు అత్తయ్యా."

"నీకేం తెలుసే?"

"ఆయనకి అక్కడ ఇల్లుంది. ఇంట్లో మనిషుంది. కొడుకు పుట్టాడు. వసంతం నుంచీ తెలుసు."

కులీపా గారి చేతిలో కదురు ఆగింది. "ఎవరు చెప్పారు?"

"ఆయనే చెప్పాడు. మీకు చెప్పొద్దన్నాడు. తెలిస్తే మీ గుండె ఆగిపోతుందన్నాడు."

పెద్దావిడ కదురు పక్కన పెట్టారు. "నాకూ వాడే చెప్పాడు" అన్నారు. "నీకు చెప్పొద్దన్నాడు. తెలిస్తే నువ్వు పిల్లని తీసుకుని పుట్టింటికి పోతావన్నాడు."

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను నా టీ వైపు చూసుకున్నాను.

"మరి రోజూ వస్తాడు వస్తాడని ఎందుకన్నారు అత్తయ్యా?"

"నీ కోసమేనే. మరి నువ్వెందుకు తలూపావు?"

"మీ కోసమే."

అప్పుడు కులీపా గారు నవ్వడం మొదలుపెట్టారు వదినా. అది నవ్వో ఏడుపో కాసేపు నాకు అర్థం కాలేదు. "దొంగ వెధవ" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "ఇద్దరాడవాళ్ళని ఒకరికొకర్ని కాపలా పెట్టిపోయాడు. ఒక్క అబద్ధంతో రెండు పనులు చేయించుకున్నాడు."

బెగాయిం పాలచెంబుతో వచ్చేసరికి ఇద్దరూ ఎర్రటి కళ్ళతో పక్కపక్కన కూచుని ఉన్నారు. కులీపా గారు పిల్లని ఒళ్ళోకి లాక్కుని, "రేపు బడికి పద. నేనూ వస్తాను" అన్నారు.

వచ్చారు కూడా. హెడ్మాస్టరు గదిలోకి కర్రతో వెళ్ళి, "సాల్కినాయ్‌ని తరగతి నుంచి తీస్తే నా మనవరాలిని తీసేస్తాను. మనవరాలితోపాటు ఈ బడి పొయ్యిల్లోకి నేను పంపే పిడకలు కూడా ఆగిపోతాయి" అన్నారు. బయట మోకాల్లోతు మంచు. హెడ్మాస్టరు విద్యావ్యాప్తి గురించి వెంటనే మనసు మార్చుకున్నాడు.

అనారా ఉంటుందా, పుట్టింటికి పోతుందా అన్నది మాత్రం ఎవరూ అడగలేదు. అత్తగారూ అడగలేదు. అడగడానికి భయపడుతున్నారని నాకు అర్థమైంది. నన్ను అడిగితే ఆ తాడు మీద ఎక్కడ నిలబడాలో నాకూ తెలీదు.

సాల్కినాయ్


బిష్కెక్
14 డిసెంబరు

సాల్కినాయ్,

ఆ పన్నెండు పేజీలూ ఒస్మోన్ చేత వెనక్కి పంపించు. నీ మాటకి కాదు, నాకే సిగ్గేస్తోంది. నీ పాత ఉత్తరం తీసి చదివాను. ఒక అడుగు ఇవతల అని నిజంగానే ఉంది. బొమ్మలు గీసేదాన్ని, ఎవరు ఎక్కడ నిలబడ్డారో నేనే చూడకపోతే ఎలా?

ఇంకో సంగతి. దిల్బారా గారు బెగాయిం ఫోటో రిపోర్టు అట్ట మీద వేస్తామన్నారు, తలుపు దగ్గర నిలబడ్డది. కింద ఆ పిల్ల మాటలు కూడా వేస్తారట, బొంత సంగతితో సహా. వద్దన్నాను. "వాళ్ళ మేలుకే కదండీ" అన్నారు. వద్దన్నాను. అలాగైతే రెండో పుస్తకానికి డబ్బు రావడం కష్టం అన్నారు. "కష్టమా, అసలు రాదా, సరిగ్గా చెప్పండి" అన్నాను. అసలు రాదట. సరే, రాకపోతే మానె అని ఫోటోలు తీసుకుని వచ్చేశాను. ఇందులో పెట్టాను, అనారాకి ఇవ్వు. ఏం చేసుకుంటుందో ఆమె ఇష్టం.

ఇప్పుడు ఖాళీగా ఉన్నాను. మీ అన్నయ్య సోఫాలో సగం నాకిచ్చాడు.

అనారా ఏమంది? రాయి. వెటకారం వద్దు, తిన్నగా రాయి.

జుమాగుల్


చోన్-బులాక్
25 మార్చి 2008

వదినా,

ఇన్నాళ్ళూ రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. దారి మంచుతో మూసుకుపోయి ఒస్మోన్ రాలేదు. వచ్చినప్పుడేమో నాకు తీరిక లేదు, నీ పుస్తకం మూడో తరగతివాళ్ళకి కూడా చదవమన్నాడు హెడ్మాస్టరు. ఇప్పుడది ఆయన పద్ధతి. జిల్లాలో ఉపన్యాసం కూడా ఇచ్చాడు. గొర్రెనీ పొట్టేలునీ మాత్రం తారుమారు చేసి చెప్పాడట.

అనారా వెళ్ళలేదు. వెళ్ళమని కులీపా గారే అన్నారు, ఒక రోజు రొట్టెపిండి కలుపుతూ. "నీ వయసు చిన్నది, పోవాలనుంటే పో. పిల్లని అప్పుడప్పుడూ చూపించు చాలు" అన్నారట. అనారా చేతులు కడుక్కుని వచ్చి, "పిండిలో ఉప్పు వెయ్యలేదు అత్తయ్యా" అందట. అంతే. ఆ సంగతి వాళ్ళింట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇక అసలు కబురు. రిస్‌బెక్ వచ్చాడు.

అవును, నౌరూజ్ రోజునే. గోధుమ మొలకల పాయసం పంచుతున్నారని నన్నూ పిలిచారు కాబట్టి కళ్ళారా చూశాను. ఒస్మోన్ బస్సు ఆగింది, కొత్త కోటు, కొత్త టోపీ పెట్టుకుని దిగాడు. ఊరంతా తోడొచ్చింది. బెగాయిం గుమ్మంలో నిలబడి చూసింది. అతను ఎత్తుకుంటే మెడ చుట్టూ చేతులు వేసింది, గట్టిగానే వేసింది.  దించాక పిల్ల అతని సంచీ తనే మోసుకుంటూ లోపలికి తెచ్చి గోడవార పెట్టింది.

"నాన్నా, ఎప్పుడెళ్తావు?"

"ఇప్పుడే కదే వచ్చాను! నాన్న ఇక్కడే ఉంటాడు" అన్నాడు, ఊరివాళ్ళకి వినబడేలా.

పిల్ల నా పక్కన కూచుని, "చిన్న సంచీ తెచ్చాడు టీచర్, తేలిగ్గా ఉంది" అంది చెవిలో.

మనింట్లో కొడుకొస్తే ఎక్కడ కూచోబెడతారు? తలుపుకి ఎదురుగా, పెద్దల చోట. రిస్‌బెక్ అలవాటుగా అక్కడికి నడిచాడు. కులీపా గారు చెయ్యి అడ్డం పెట్టి, అనారాని పిలిచి అక్కడ కూచోబెట్టారు. తన పక్కన. కొడుక్కి గుమ్మం వైపు చూపించారు. అందరి ముందూ. అతను నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి కూచున్నాడు.

"విడాకుల కాగితాల మీద సంతకం పెట్టడానికి వచ్చావా, ఊరికే వచ్చావా?" అని అడిగారు.

"అమ్మా... పండగపూట... ఊరికే, మిమ్మల్ని చూసిపోదామని..."

"అయితే చుట్టపుచూపుగా వచ్చావు. కూచో, టీ తాగు. సంతకం రేపు పొద్దున పెడుదువుగాని."

ఆవిడే గిన్నె తీసుకుని పోశారు. నీలాంటి పట్నంవాళ్ళు టీ అంచుల దాకా పోసేసి అదే మర్యాద అనుకుంటారు గనక చెప్తున్నాను, విను. ఉండమనేవాళ్ళకి మేం సగానికి తక్కువ పోస్తాం. తాగినకొద్దీ మళ్ళీ మళ్ళీ పోస్తుంటాం, మాటలు సాగుతుంటాయి. నిండా పోస్తే తాగి లేవమని. అనారాకి గుక్కెడు పోశారు. నాకు గుక్కెడు పోశారు. కన్నకొడుకు గిన్నె మాత్రం పొర్లేదాకా నింపి, రెండు చేతులతో మర్యాదగా అందించారు.

 అతను ఆ గిన్నె పట్టుకుని తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఎక్కడా పెట్టలేడు, ఒలికిపోతుంది.

"అమ్మా, చెయ్యి కాలుతోంది" అన్నాడు.

"నెమ్మదిగా తాగు నాయనా" అన్నారు కులీపా గారు. "బస్సు రేపు మధ్యాహ్నం కదా."

నీ మరదలు,
సాల్కినాయ్